మడికి గట్టు, మడకి పోటు

కోనసీమవాడికి నాలుగడుగుల నేల చూపించండి. ముందు చుట్టూ గట్టేస్తాడు. అందులో ఏం వెయ్యాలన్నది తర్వాత ఆలోచిస్తాడు. గోదారి పక్కన పుట్టినవాడికి నీళ్ళంటే ప్రేమ ఉంటుంది గాని నమ్మకం ఉండదు. కావలసినంత రానిచ్చి, చాలనగానే తూము మూసుకుంటేనే అతనికి నిద్ర పడుతుంది. వరిమడికి ఆ పద్ధతి సరిపోయింది, కొబ్బరితోటకీ సరిపోయింది. మా పాతమొగ వాళ్ళం మడచెట్లకి కూడా అదే చేసేం.

పాతమొగ పేరు మీరు విని ఉండరు. అమలాపురంలో బస్సెక్కితే కాట్రేనికోన దాకా వస్తుంది. అక్కణ్ణించి ఆటో, ఆటోవాడు ఇంక నావల్ల కాదన్నచోట దిగి నడక. ఊరికి ఒక పక్క గోదారి పాయ, ఇంకో పక్క సముద్రం, ఆ సముద్రానికీ మాకూ మధ్య మడ అడవి. ఉప్పునీళ్ళలో బతికే చెట్లవి. వేళ్ళు బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొస్తాయి. గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి అప్పుడు రాలుతుంది. బిడ్డకి నడకొచ్చేకే తల్లి చంక దింపినట్టన్నమాట. గేదెలకి ఆకూ, పొయ్యికి ఎండుకట్టే, వలకి పీతా రొయ్యా, అన్నీ మాకు అందులోంచే.

తొంభైల్లో రొయ్యల పిచ్చి పట్టినప్పుడు ఆ అడవిని మేమే తినేసేం. బయటివాళ్ళు వచ్చి తిన్నదీ ఉంది, మేం తిన్నదీ ఉంది. మా పెదనాన్నగారబ్బాయి సింహాద్రన్నయ్య కూడా ఊరి చివర కాలవ మొదట్లో మడ నరికి చెరువు తవ్వేడు. ఆ చెరువుకి గట్టేసింది అన్నయ్యా, గంగాదేవి వదినా ఇద్దరే. కూలీలని పెట్టలేదు. గట్టులో సగం మన్ను వదిన నెత్తిమీది తట్టలోంచి దిగిందే. అన్నయ్య మన్ను పోసి, కాలితో తొక్కి, పైన గడ్డి పలకలు పేర్చి, గోడకి సున్నం వేసినంత ముద్దుగా చేసేడు. దారినపోయేవాళ్ళు ఆగి చూసేవారు.

తొంభై ఆరులో దీపావళి ముందు గాలివాన వచ్చింది. ఆ గాలివాన గురించి కోనసీమలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. గాలి మొదలయ్యేక అన్నయ్య తలకి తువ్వాలు చుట్టుకుని, పార పుచ్చుకుని లేచేడు. "తూము ఎత్తకపోతే గట్టు తెగిపోద్ది. ఇప్పుడే వచ్చేత్తాను," అన్నాడు.

గట్టు నిలబడింది. మనిషి దొరకలేదు.

మడ దట్టంగా ఉన్నవైపు ఇళ్ళు మిగిలేయి. మడ నరికేసినవైపు ఇళ్ళు లేవు. అది చూడ్డానికి ఎవరికీ చదువక్కర్లేకపోయింది. చెట్లకి పంచెలతో కట్టుకుని బతికినవాళ్ళు ఆ తర్వాత కత్తి పట్టుకుని ఆ చెట్ల దగ్గరికి వెళ్ళలేకపోయేరు. కొన్నేళ్ళకి అటవీశాఖ వాళ్ళు వచ్చి, వన సంరక్షణ సమితి పెట్టుకోండి, అడవి మీరే కాయండి, ఫలం మీరే తినండి అన్నప్పుడు మా ఊరు వెంటనే ఒప్పుకుంది. అధ్యక్షురాలిగా ఆడవాళ్ళని పెడితే మంచిదన్నారు. పేరుకే కదా అని మగవాళ్ళు గంగాదేవి వదినని కూర్చోబెట్టేరు. నేను డిగ్రీ చదివేను కాబట్టి రాతపని నాకొచ్చింది.

వదిన పేరుకి కూర్చోలేదు. పచ్చికొమ్మ మీద కత్తి పడకూడదంది. ఎండుకట్టె వాడవారీగా, వంతులవారీగా. గుడ్లున్న పీత వలలో పడితే తిరిగి నీళ్ళలోకే. తన సొంత ఆడపడుచు గేదెని పచ్చిమడలో దొరకబుచ్చుకుని మూడురోజులు సమితి కొట్టంలో కట్టేసింది. మా పేటవాళ్ళనీ, పక్కనున్న క్రైస్తవుల పేటవాళ్ళనీ ఒకే వంతులో కలిపింది. అక్కణ్ణించి సమితిలోకి వచ్చినాయన ప్రకాశరావు మేష్టారు, మా బడి హెడ్మాస్టరు.

చూస్తుండగానే ఉన్న అడవి చిక్కబడింది. పీతలు తిరిగొచ్చేయి. పీతల బుట్టతో అమలాపురం సంతకి వెళ్ళిన ఆడవాళ్ళు కాట్రేనికోన నుంచి ఆటో కట్టించుకుని తిరిగి రావడం మొదలెట్టేరు.

చిక్కంతా పర్ర దగ్గర వచ్చింది. పర్ర అంటే చెట్టూ చేమా లేకుండా ఉప్పు తేలిపోయిన బయలు. సింహాద్రన్నయ్య చెరువు వెనకాల ఉంది. ఒకప్పుడు అదీ అడవే. ఊరికి సముద్రం వైపు తలుపు తీసేసినట్టు ఉండేది అక్కడ. ఆ పర్రలో మళ్ళీ మడ పెంచమని అటవీశాఖ మాకు అప్పగించింది. ఆఫీసరుగారు మొదటిరోజే చెప్పేరు, గట్లు వద్దు, కాలవలు తవ్వండి, పోటు నీళ్ళు రానివ్వండి, ఆటుకి పోనివ్వండి అని.

ఆయన జీపెక్కి వెళ్ళగానే అప్పలస్వామి బాబాయి నవ్వేడు. వయసులో పెద్దాయన, నోరు చిన్నది కాదు.

"గట్టు లేని సేద్యం ఏంటండీ బాబూ. రేపు పంచె కట్టద్దంటారు."

గట్టేసేం. మొక్కలు నాటేం. వరినాట్లలాగే తాడు పట్టుకుని వరస తప్పకుండా, ఆడవాళ్ళు పాట కూడా ఎత్తుకుని. లోపల నీళ్ళు నిలిచి, ఎండకి మరిగి, మొక్కలు ఉడికిపోయేయి. రెండో ఏడు సిగ్గుపడి మా గట్టు మేమే తీసేసేం. ఆఫీసరుగారు చెప్పినట్టు మధ్యన ఒక పెద్దకాలవ, దాన్నించి అటూ ఇటూ చేపముల్లులా పిల్లకాలవలు తవ్వేం. కాలవలు ఎండిపోయే ఉన్నాయి. మొక్కలు మళ్ళీ పోయేయి. మూడో ఏడూ అంతే.

ఎందుకో అందరికీ తెలుసు. పర్రకి పోటు తెచ్చేది ఒక్కటే కాలవ. దాని నోటికి అడ్డంగా సింహాద్రన్నయ్య గట్టుంది. తూము ఆ గాలివానలోనే బురదతో పూడిపోయింది.

తెలిసిన మాట ఎవరూ అనలేదు. మా వైపు మర్యాద ఎక్కువని మీరు వినే ఉంటారు. ఎదటివాడి కాలు తొక్కి మరీ, "మీ కాలు నా కాలికింద ఉందండీ, ఏమనుకోకండి," అంటాం. అలాంటివాళ్ళం ఒక విధవరాలితో, నీ మొగుడి గట్టు తెంచమ్మా అని ఎలా అంటాం? అది ఒట్టి గట్టు కూడా కాదు. చచ్చిన తిథి తెలియనివాడికి అమావాస్యే తిథి. ఊరంతా దీపావళి చేసుకునే అమావాస్యనాడు వదినా, వాళ్ళత్తగారు వీరలక్ష్మి పెద్దమ్మా ఆ తూము దగ్గర గట్టు మీద ఒక ప్రమిద వెలిగించేవారు. మా వీధిలో ఆ దీపం వెలిగేకే పిల్లలు మతాబా ముట్టించేది.

అందుకని పీతలు కొరికేయన్నాం. గేదెలు తొక్కేయన్నాం. విత్తనం మంచిది కాదన్నాం. వదిన వినేది, ఆయ్ అని తలూపేది, మళ్ళీ గింజలు ఏరడానికి వెళ్ళేది.

మూడో ఏడు మొక్కలు పోయేక ఆఫీసరుగారి దగ్గర్నించి కబురొచ్చింది. వచ్చే వేసవికి పర్రలో పచ్చన కనబడకపోతే సమితి చేతిలోంచి పర్ర వెనక్కి తీసుకుంటారట. తీసుకున్నాక అది ఎవరి చేతికి వెళుతుందో మాకు తెలుసు. అప్పటికే చెరువుల వాళ్ళు మోటారుసైకిళ్ళ మీద వచ్చి పర్ర చుట్టూ తిరిగి వెళుతున్నారు.

ఆ రోజుల్లోనే ఇందిరగారు వచ్చేరు. కాకినాడ నుంచి వచ్చిన పరిశోధన అమ్మాయి. పుట్టిల్లు బండారులంక కాబట్టి మా మాటే మాట్లాడేది. టేపుతో చెట్ల నడుములు కొలిచేది. ఇనప గొట్టం బురదలోకి దింపి, పైకి తీసి, అందులో వచ్చిన మట్టిని సంచుల్లో కట్టేది. ఎందుకమ్మా అని అడిగితే, గాలిలో ఉన్న కార్బన్ని ఈ చెట్లు లాక్కుని దాచుకుంటాయి, అది కొలుస్తున్నాను అంది.

"కార్బనంటే?" అన్నాడు అప్పలస్వామి బాబాయి.

"బొగ్గులాంటిదండీ."

సాయంత్రానికి ఊళ్ళో సమితి బొగ్గుబట్టీ పెడుతోందని పుకారు లేచింది. మర్నాడు పది మంది ఆడవాళ్ళు చీపుళ్ళతో సహా ఆమె చుట్టూ చేరేరు. చెప్పి ఒప్పించేసరికి మేష్టారి గొంతు పోయింది. అప్పలస్వామి బాబాయి మాత్రం ఒప్పుకోలేదు.

"ఇంట్లో పొయ్యిలోకి కట్టె లేక మా ఆవిడ నన్ను తిడుతుంటే, వీళ్ళు గాల్లో బొగ్గు ఏరుతున్నారండీ," అన్నాడు.

వదిన నవ్వలేదు. ఆ గొట్టంలోంచి వచ్చిన నల్లటి మట్టిని వేలితో తాకి చూస్తోంది.

"ఇదెప్పటిదండీ అమ్మాయిగారూ?"

"ఈ అడుగునున్నది మీ తాతల కాలం నాటిదై ఉంటుంది గంగాదేవిగారూ. చూడండి, ఆకు ఈనె ఇంకా తెలుస్తోంది. మడ కింద బురదలో గాలాడదు. అందుకని పడింది తొందరగా కుళ్ళిపోదు. పోటు తెచ్చిన ఒండ్రు పైన కప్పుకుంటూ పోతుంది. చెట్టు బతికున్నన్నాళ్ళూ, పోటు వచ్చి పోతున్నన్నాళ్ళూ అలా దాచుకుంటూనే ఉంటుంది."

"పోటు రాకపోతే?"

"ఎండిపోయి, బీటలేసి, దాచుకున్నదంతా గాలికి పోతుందండి."

వదిన వేలికంటిన మట్టిని బొటనవేలితో నలిపింది. తర్వాత చాలా మామూలుగా, సంతలో ధర అడిగినట్టు అడిగింది.

"మనిషినీ దాచుకుంటదాండీ?"

ఇందిరగారికి సింహాద్రన్నయ్య సంగతి తెలీదు. నవ్వబోయి, మా మొహాలు చూసి ఆగిపోయింది. గొట్టం కడుక్కోడానికి కాలవలోకి దిగింది.

ఆ వారంలోనే వదిన సమితిని బడి వసారాలో పిలిపించింది. రెండు పేటల వాళ్ళూ వచ్చేరు. ఆవిడ కూర్చోలేదు, స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"ఈ ఏడు మొక్కలెందుకు పోయేయండీ?"

"పీతలు కొరికేయమ్మా," అన్నాడు అప్పలస్వామి బాబాయి.

"పోయినేడు?"

"పోయినేడు గేదెలు."

"అంతకు ముందేడు మన గట్టు. సరే. మావయ్యా, మీ గేదెకి పచ్చగడ్డి పెడితేనే వంక పెడతాది. ఉప్పు తేలిన పర్రలో ఎండు పుల్లలు తిందాండీ?"

వెనక ఎవరో నవ్వేరు. వదిన మేష్టారి వైపు తిరిగింది.

"మేష్టారూ, తమరు పిల్లలకి తప్పొప్పులు చెప్పేవారు. తమరు చెప్పండి."

ప్రకాశరావు మేష్టారు కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకున్నారు. "నీళ్ళందడం లేదమ్మా."

"ఎందుకందడం లేదండీ?"

"అడ్డుంది కదమ్మా."

"ఏవడ్డుందండీ?"

ఆయన కళ్ళజోడు తుడుస్తూనే ఉన్నారు. వసారాలో ఉన్న అంతమందీ గచ్చు వైపే చూస్తున్నాం.

"గట్టు," అంది వదిన. "మా ఆయన గట్టు. ఈ ముక్క అనడానికి ఇంతమందిలో ఒక్కళ్ళకీ నోరు రాలేదాండీ?"

"ఎలా అంటామే అమ్మా," అన్నాడు బాబాయి. ఈసారి ఆయన గొంతులో వేళాకోళం లేదు. "నువ్వు దీపం పెట్టుకునే చోటది."

"మీరనలేదనే నేనూ అనలేదు మావయ్యా. ఎవరో ఒకరు అంటారు, అంటే కోప్పడదామని చూసేను. కోప్పడి, ఏడిచి, ఆఖరికి సరే అందామని. మీరు ఆ వీలే ఇవ్వలేదు. మూడేళ్ళూ గింజలు నాటేను, తెలిసి తెలిసి." ఆవిడ స్తంభం వదిలి ముందుకొచ్చింది. "అమావాస్యకీ పున్నమికీ వచ్చే పోటే పర్ర చివరిదాకా ఎక్కేది. దీపావళి అమావాస్యకి తెంచుదాం. పొద్దున్నే, ఆటుకి నీళ్ళు తీసున్నప్పుడు."

ఎవరూ ఆయ్ అనలేదు. కాదని కూడా అనలేదు.

మేష్టారు బయటికొస్తూ ఆవిడతో మెల్లిగా అన్నారు. "మొన్న మా సమాధుల పండగకి మీరొచ్చి దూరంగా నుంచున్నారమ్మా. చూసేను."

"మీకు నయమండీ మేష్టారూ. రాయుంటాది. దాని మీద పేరుంటాది," అంది వదిన.

అసలు మాట ఇంకా మిగిలే ఉంది. అది ఇంట్లో ఉంది. ఆ సాయంత్రం వదిన నన్ను కూడా రమ్మంది. నేను అరుగు మీద కూర్చున్నాను. వీరలక్ష్మి పెద్దమ్మ గుమ్మంలో వల చిక్కు తీస్తోంది. చూపు ఆనదు, వేళ్ళతోనే చూస్తుంది. వదిన చెప్పాల్సింది చెప్పింది. పెద్దమ్మ వేళ్ళు ఆగలేదు.

"నీకు ఊరుందే గంగా," అంది. "ప్రెసిడెంటువి. జీపులొస్తాయి, నీతో మాట్టాడతారు. నాకా గట్టే ఉంది."

"ఆ బురద ఏదీ పోనివ్వదంట అత్తయ్యా. దాచుకుంటదంట. పోటు వస్తుండాలంట."

"ఎవరు చెప్పేరు?"

"ఆ కొలతలమ్మాయి."

"ఆ అమ్మాయి నా కొడుకుని చూసిందా?"

పెద్దమ్మ వల మడిచి లోపలికి వెళ్ళిపోయింది. పొయ్యి వెలిగించిన చప్పుడు వినబడింది గాని, ఆ పూట ఆ ఇంట్లో అన్నాలు తిన్నారని నేననుకోను.

దీపావళి అమావాస్య తెల్లవారింది. నీళ్ళు బాగా తీసేసేయి. కాలవ అడుగున బురద నల్లగా మెరుస్తోంది, ఎర్రడెక్కల పీతలు బొరియల్లోంచి తొంగిచూస్తున్నాయి. పారలు పుచ్చుకుని రెండు పేటల వాళ్ళం వెళ్ళేం. వదిన చేతిలో అన్నయ్య రెండో పార ఉంది. మొదటిది ఆయనతోనే వెళ్ళిపోయింది.

పెద్దమ్మ మాకంటే ముందే వచ్చి ఉంది. తూము దగ్గర గట్టు మీద కాళ్ళు చాపుకుని, కొంగు నిండా కప్పుకుని కూర్చుంది. మేమంతా ఆగిపోయేం. అప్పలస్వామి బాబాయి పార భుజం మీంచి దించి కర్రలా ఆనుకున్నాడు. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. పెద్దావిణ్ణి లెమ్మని అనేవాడు మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు. పొద్దు పొడిచింది. ఇంకాసేపుంటే పోటు తిరుగుతుంది. ఇవాళ తప్పితే నీళ్ళు మళ్ళీ అంత ఎత్తుకి రావడం పున్నమికే. వేసవి ఎవరికోసం ఆగుతుంది?

వదిన పార కింద పెట్టింది. వెళ్ళి అత్తగారి పక్కన, అలాగే కాళ్ళు చాపుకుని కూర్చుంది. వాళ్ళేం మాట్లాడుకున్నారో మాకు వినబడలేదు. మాట్లాడుకున్నారో లేదో కూడా తెలీదు. ఒకసారి మాత్రం వదిన గట్టు మీది గడ్డి చేత్తో నిమరడం చూసేను. తట్ట మోసిన చెయ్యి కదా, ఏ పలక తను పేర్చిందో దానికి తెలిసే ఉంటుంది.

కొంతసేపటికి పెద్దమ్మ మా వైపు తిరిగి కేకేసింది.

"తూము కాడ ముట్టుకోకండి. అటూ ఇటూ ఎంత కావాలో అంత తవ్వుకోండి. ఇక్కడ మాత్రం ఎవరి పారా పడ్డానికి వీల్లేదు."

"ఆయ్," అన్నాం అందరం. ఆ ఆయ్ ఒక్క గొంతులా వచ్చింది.

మొదటి పార వదినే వేసింది. గట్టు తేలిగ్గా లొంగలేదు. అన్నయ్య తొక్కిన మన్ను రాయిలా ఉంది. "ఏం కట్టేడ్రా బాబూ," అన్నాడు అప్పలస్వామి బాబాయి చెమట తుడుచుకుంటూ. తిట్టినట్టే అన్నాడు, కాని అందులో మెప్పే ఉంది. వదినకి అది తెలిసింది. తలొంచుకుని ఇంకా గట్టిగా తవ్వింది. మేష్టారు పంచె ఎగ్గట్టి బురదలో దిగేరు. తవ్విన మన్ను ఆడవాళ్ళు తట్టలకెత్తుకుని అవతల గుమ్మరించేరు. పడవ పట్టేంత వెడల్పున రెండు గండ్లు పడ్డాయి. మధ్యలో తూము చుట్టూ చిన్న దిబ్బ, దాని మీద పెద్దమ్మ.

పోటు తిరిగింది. ముందు నురగ వచ్చింది, నురగ వెనక ఎండాకులూ పుల్లలూ, వాటి వెనక నీళ్ళు. చప్పుడు లేదు. పొంగుతున్న పాలలా గండి అంచు ఎక్కి, ఒక్క క్షణం నిలబడి, పాత చెరువులోకి పరుచుకుంది. అక్కణ్ణించి మేం తవ్విన పెద్దకాలవలోకి, దాన్లోంచి పిల్లకాలవల్లోకి. ఎండిన మట్టి బుడబుడలాడుతూ తాగింది. మేం ఒడ్డున నిలబడి చూస్తున్నాం. నీళ్ళతోపాటు కొన్ని మడగింజలు కొట్టుకొచ్చేయి. ఎవరూ నాటకుండా, తాడు పట్టకుండా అవే వచ్చి పర్ర అంచున బురదకి అంటుకున్నాయి.

దిబ్బ మీంచి పెద్దమ్మ కోడల్ని పిలిచింది. వదిన మోకాలిలోతు నీళ్ళలో నడిచి వెళ్ళింది. పెద్దమ్మ కొంగు తీసింది. లోపల అరటిదొప్ప ఉంది, అందులో నెయ్యీ ఒత్తీ. ఎప్పుడూ పెట్టే మట్టి ప్రమిద కాదు. అంటే ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే ఆవిడ అనుకుని వచ్చింది.

"ఈ ఏడు నువ్వే వదులు," అంది.

వదిన అగ్గిపుల్ల గీసి వెలిగించింది. పగటి ఎండలో ఆ దీపం వెలుగుతోందో లేదో మాకు తెలీలేదు. దగ్గరున్న ఆవిడకే తెలియాలి. వంగి నీళ్ళ మీద పెట్టి చెయ్యి తీసింది. దొప్ప ఒకసారి తన చుట్టూ తాను తిరిగి కదిలింది.

పెద్దమ్మ చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చూసింది. ఆవిడ చూపుకి నీళ్ళ తళుకు తప్ప ఏమీ ఆనదు.

"ఎటెల్తందే గంగా? సముద్రం వైపేనా?"

"కాదత్తయ్యా," అంది వదిన. "లోపలికే వస్తంది."